మూడో కుప్పకు కుంకుమ పెట్టిన ఇర్ఫానా

ఆదోని బస్టాండు పక్కన టీ బంకులో చెప్పుకునే మాటలు నమ్మకండి. బాలకృష్ణయ్య పత్తి మిల్లులో కంప్యూటరు మీద కొబ్బరికాయ కొట్టారనేది శుద్ధ అబద్ధం. కాయ కొట్టింది గడప మీద. కంప్యూటరు మీద పడినవి నాలుగు నీటి చుక్కలు, వాటిని కూడా తులసమ్మ అప్పటికప్పుడే కొంగుతో తుడిచేసింది. ఎమ్మిగనూరులోనైతే ఇంకో రకం కథ నడుస్తోంది. మరియంబీ కూతురు రంగులతో ఆటలాడి మిల్లు తగలబెట్టబోయిందట! ఎంత మాట! మిల్లు తగలబడకుండా ఆపింది ఆ పిల్లే. కాకపోతే నిప్పు మీద కుంకుమ పూసి, అది ఎవరికీ కనపడకుండా చేసింది కూడా ఆ పిల్లే. సగం తెలిసినవాళ్లు సగమే మోసుకు తిరుగుతున్నారు గనుక ఇంత గోల.

ఆ పిల్ల పేరు ఇర్ఫానా. పుట్టింది, పెరిగింది ఎమ్మిగనూరులో, రంగు తొట్ల పక్కన. వాళ్లమ్మ మరియంబీ మగ్గాలవాళ్ల నూలుకు రంగు వేస్తుంది. మరియంబీ చేతులు చూస్తే చాలు, ఆ వారం ఊళ్లో ఏ రంగు చీరలు నేస్తున్నారో తెలిసిపోతుంది. మోచేతుల దాకా నీలం ఉంటే నీలం చీరలు, వంకాయ రంగుంటే వంకాయ చీరలు. నాన్న మహమ్మద్ అలీ ఆటో నడుపుతాడు. తొట్టిలో మిగిలిపోయిన రంగు పారబొయ్యడం ఇష్టం లేక ఒకసారి ఆటో సీట్ల గుడ్డకు వేయించాడు. తొలకరి వాన పడ్డ రోజు ఆ ఆటో ఎక్కి దిగినవాళ్లందరి వెనకభాగాలు గులాబీ రంగులో ఊరంతా తిరిగాయి. రంగు కారితే ఏమవుతుందో ఇర్ఫానాకు అప్పుడే తెలియాల్సింది.

కంప్యూటర్లలో డిగ్రీ చేసింది. చేసి ఇంట్లో కూర్చుంటే మేనత్త ఊరుకోలేదు. "సదివింది సాల్లే, నా రాట్నం కాలీగా ఉండాది, వచ్చి కండెలు సుట్టు" అని కబురు మీద కబురు. నేతకు కండెలు చుట్టడం తప్పు పని కాదు గానీ, ఇర్ఫానా ఒకచోట కూర్చుని ఒకే చక్రం తిప్పే మనిషి కాదు. బొంగరానికి కాళ్లు మొలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఆదోనిలో బాలకృష్ణయ్య మిల్లులో కంప్యూటరు ముందు కూర్చునే పని దొరికిందని తెలియగానే ఇర్ఫానా ఆ రాట్నానికి దణ్ణం పెట్టి, మర్నాడే బస్సెక్కేసింది.

ఆ పని ఏమిటంటే, పత్తిని కాపలా కాయడం. పత్తిని చూసి మెత్తటిది, అమాయకమైనది అనుకుంటాం. తేమ పట్టిన పత్తిని కుప్ప పోసి వదిలేయండి, లోపల్లోపల ఉడికి, ఒకరోజు భగ్గుమంటుంది. అందుకని మిల్లులో ప్రతి కుప్పలోనూ ఒక పొడుగాటి ఇనుప చువ్వ గుచ్చారు. చువ్వ కొసన వేడి కొలిచే సాధనం, దాన్నుంచి ఒక వైరు, వైరు చివర కంప్యూటరు. కంప్యూటరులో షెల్ స్క్రిప్టు అని ఒకటుంది. అంటే ఏం లేదు, చేయాల్సిన పనులు వరసగా రాసిపెట్టిన ఫైలు. అది కుప్పలన్నిటినీ, యంత్రాలన్నిటినీ ఒక చుట్టు పలకరించి వచ్చి, ఒక్కొక్కదాని సంగతి ఒక్కో వరస రాస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. ఒకటో కుప్ప బాగుంది. రెండో కుప్ప బాగుంది. గింజ తీసే యంత్రం ఆగి ఉంది. ఇలాగ.

అన్నీ నల్ల తెర మీద తెల్ల అక్షరాలే. చీమల బారు. ఒకరోజు ఆ బారులో "అయిదో కుప్ప వేడి" అనే చీమ కూడా నడిచిపోయింది, ఎవరూ చూడలేదు. పొగ వాసన వచ్చాక మిల్లు మొత్తం బకెట్లతో పరిగెత్తింది. కుప్ప దక్కింది గానీ బాలకృష్ణయ్య మొహం మాత్రం ఉడికిపోయింది.

"కంప్యూటరు చెప్పింది అంటావు గదా పాపా, ఎవురికి చెప్పింది? గోడకు చెప్పిందా?"

"నాకే చెప్పింది అయ్యా. నేను అన్నం తింటాంటి."

"అంటే నువ్వు అన్నం మానుకోవల్ల, లేకుంటే నా పత్తి కాలిపోవల్ల. అంతేనా?" బాలకృష్ణయ్య గుమ్మం వైపు చూశాడు. అక్కడ మిల్లు కాపలాదారు లక్ష్మన్న బీడీ చెవి వెనక పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఇదిగో, లక్ష్మన్నకు ఒక్క అక్షరం రాదు. యాడో యార్డులో తిరుగుతా, కిటికీలోంచి నీ తెర చూసి, ఏ కుప్ప కాలుతాందో వీడు చెప్పగలిగితే నీ కుర్చీ నీది. చెప్పలేకపోయినాడా, ఈ పెట్టెను పాత సామాన్లు కొనేటోనికి ఇస్తా, నువ్వు మీ ఎమ్మిగనూరు బస్సెక్కు."

"నన్నెందుకు దించుతారు సావుకారీ నడుమ!" అన్నాడు లక్ష్మన్న.

ఆ సాయంత్రం బస్సులో ఇర్ఫానాకు చెవుల్లో రాట్నం గిర్రున తిరుగుతున్న చప్పుడు. మరి చదువు రాని మనిషికి తెర ఎలా చదివించాలి? పక్కసీటులో ఒకామె ఒళ్లో ఎర్రమిరపకాయల సంచి పెట్టుకుని కూర్చుంది. సంచి నోరు తెరుచుకుని ఉంది. ఆ ఎరుపు చదవడానికి అక్షరాలు రావాలా? ఇర్ఫానా సీట్లోంచి ఎగిరి, నెత్తి పైకప్పు కడ్డీకి కొట్టుకుంది.

"రంగులు!" అంది గట్టిగా.

"కావాల్నంటే కిలో ఇస్తా కూచోమ్మా," అంది మిరపకాయలామె.

షెల్ స్క్రిప్టులో అక్షరాలకు రంగు వేయవచ్చని ఫోనులో వెతికి పట్టుకుంది. దానికో మంత్రం ఉంది. వెనక్కి వాలిన గీత, సున్నా మూడు మూడు, చదరపు బ్రాకెట్టు, తర్వాత రంగు నంబరు, చివర ఎమ్. ముప్పై ఒకటి అంటే ఎరుపు, ముప్పై రెండు అంటే పచ్చ. మాట ముందు మంత్రం పెడితే మాటకు రంగు పట్టేస్తుంది. తొట్టి లేదు, పొయ్యి లేదు, గోళ్లలో మరకలు లేవు!

పొద్దున్నే మిల్లుకు వెళ్లి మంత్రం పెట్టి, ఊపిరి బిగపట్టి నడిపింది. రంగు రాలేదు. మంత్రమే ఉన్నదున్నట్టు తెర మీద వచ్చి కూర్చుంది, అంకెలూ గీతలూ బ్రాకెట్లూ.

కిటికీలోంచి లక్ష్మన్న తొంగి చూసి, "ఎవురిదో ఫోన్ నంబరు వచ్చాండాది పాపా. సేసి సూద్దామా?" అన్నాడు.

"సప్పుడు చేయాకు మామా, నా పానం పోతాంటే!"

మాటను తెర మీదికి పంపే ఎకో అనే ఆజ్ఞ పక్కన చిన్న గీత, దాని పక్కన ఇ అనే అక్షరం పెట్టాలట. అది లేకపోతే ఎకోకు మంత్రం అర్థం కాదు, చిలకలా అప్పజెప్పేస్తుంది. పెట్టింది. మళ్లీ నడిపింది. అంతే, తెర మీద పచ్చ! ఎరుపు! ఇర్ఫానా కుర్చీలోంచి లేచి గదిలో గిరగిరా తిరిగింది. లక్ష్మన్నకు ఎందుకో తెలియకపోయినా బయట తనూ ఒక చుట్టు తిరిగాడు.

అసలు పంచాయితీ అప్పుడు మొదలైంది.

ఇర్ఫానా పచ్చను మంచికీ, ఎరుపును చెడుకీ పెట్టింది. బాలకృష్ణయ్య వచ్చి చూసి, చెప్పుల్లో నిప్పు పడ్డట్టు వెనక్కి గెంతాడు. "ఎరుపు చెడ్డదా? ఎవురు చెప్పినారు నీకు?" మిల్లు వెనకే వాళ్ల ఇల్లు. కేక విని ఆయన భార్య తులసమ్మ చేతిలో గరిటెతోనే వచ్చేసింది.

"కుంకుమ ఏ రంగు పాపా?" అని అడిగింది గరిటె చూపిస్తూ.

"ఎరుపేనమ్మా."

"నా మొగం సూసి మీ కంప్యూటరు ప్రమాదం అంటాదా మరి?"

బాలకృష్ణయ్య గరిటెకు అందకుండా ఒక అడుగు పక్కకు జరిగాడు.

"అది కాదమ్మా, ఎర్రజెండా చూపిస్తే రైలు ఆగుతాది గదా, అందుకని..."

"మన టేషన్లో పచ్చజెండా సూపించినా ఆగే రైళ్లు ఉండాయిలే పాపా," అన్నాడు లక్ష్మన్న.

బాలకృష్ణయ్య తీర్పు చెప్పేశాడు. బాగున్న కుప్పకు, తిరుగుతున్న యంత్రానికి కుంకుమ రంగు. ఆగి ఉన్న యంత్రానికి పచ్చ, పచ్చగా పడుకోనీ. "మరి వేడెక్కిన కుప్పకు అయ్యా?" అంటే, మొహం చిట్లించాడు. "చెడ్డదానికి రంగులేంది, అలంకారమా? ఏం పూయొద్దు. బోసిగ తెల్లగ ఉండనీ. అన్నీ బొట్టు పెట్టుకున్న సోట బొట్టు లేనిది ఒకటుంటే వీనికి కనపడదా?"

కనపడుతుంది. ఆలోచన మంచిదే. ఇర్ఫానాకు కూడా నచ్చింది. సరదా పడి రాసేసింది.

ఇక్కడే రంగు తొట్ల దగ్గరి అలవాటు కొంప ముంచింది. ఈ మంత్రంతో ఒక చిక్కుంది. ఒకసారి ఎరుపు అంటే, ఆపమనేదాకా వచ్చిన ప్రతి అక్షరానికీ ఎరుపు పూస్తూనే పోతుంది. ఆపడానికి వేరే నంబరుంది, సున్నా. సున్నా అంటే రంగు కడిగెయ్ అని. ఇర్ఫానా దాన్ని చదివింది. అయితే మరియంబీ రంగు వేసేటప్పుడు తొట్టి తొట్టికీ చేతులు కడగదు. లేత రంగుతో మొదలుపెట్టి ముదురుకు పోతుంది. పసుపు చేత్తో పచ్చ ముంచుతుంది, పచ్చ చేత్తో నీలం ముంచుతుంది, కడగడం పని అంతా అయ్యాకే. ఇర్ఫానా చేతికి ఆ పద్ధతే వచ్చింది. ఎరుపు మీద పచ్చ వేస్తే పచ్చే కదా, పచ్చ మీద ఎరుపు వేస్తే ఎరుపే కదా, నడుమ సున్నా ఎందుకు? స్క్రిప్టు అంతటికీ కలిపి చిట్టచివర ఒకే ఒక్క సున్నా పెట్టి ఊరుకుంది. ఆ రోజుల్లో కుప్పలన్నీ చల్లగా ఉన్నాయి, తెల్ల వరస రావాల్సిన అవసరమే రాలేదు. ఎన్నిసార్లు నడిపినా తెర ముచ్చటగా ఉంది.

పరీక్షకు శుక్రవారం పెట్టుకున్నారు. శుక్రవారమైతే మిల్లు గడపకు పూజ ఎలాగూ ఉంటుంది, పనిలో పని. తులసమ్మ పట్టుచీర కట్టింది. కంప్యూటరు నెత్తిన పసుపు, కుంకుమ, ఒక చామంతి పువ్వు. బాలకృష్ణయ్య గడప మీద కాయ కొట్టాడు, ఆ నాలుగు చుక్కలు పడింది అప్పుడే. ఇర్ఫానా మీట నొక్కింది. లక్ష్మన్న కిటికీ బయట నిలబడి, కళ్లు చికిలించి, మెడ చాచి చూశాడు.

"సావుకారీ! పడుకున్న మిషన్లు పచ్చగ ఉండాయి. కుప్పలన్నీ కుంకుమే! ఒక్కటంటే ఒక్కటి బోసిది లేదు!"

బాలకృష్ణయ్య రెండు చేతులూ పైకెత్తేశాడు. మిల్లు పెట్టిన ఇన్నేళ్లలో కుప్పలన్నీ ఒకేసారి బాగున్నాయని ఒకరు చెప్పగా వినడం ఆయనకు అదే మొదలు. "అక్షరం రానోడు చదివినాడు సూడు! పాపా, ఆ కుర్చీ నీది. నాది కాదు, మిల్లుది కాదు, నీది!" అన్నాడు. లడ్లు వచ్చాయి. యార్డులో పత్తి ఎత్తే ఆడవాళ్లందరికీ పంచారు. లక్ష్మన్న చదివినవాడి హోదాలో రెండు తీసుకున్నాడు. ఇర్ఫానా ఒక లడ్డు నోట్లో, ఒకటి చేతిలో పెట్టుకుని, నవ్వు ఆపుకోలేక, నెయ్యి చేత్తో దుపట్టా ముట్టుకోబోయి, ఆగి, కుళాయి దగ్గరికి పోయింది.

చేతి మీద నీళ్లు పడ్డాయి. లడ్డు రంగు కారిపోయింది. తెల్ల దుపట్టా కేసి చూసింది.

తెలుపు ముట్టేముందు చెయ్యి కడగాలి.

మరియంబీ పద్ధతిలో ఇంకో సగం ఉంది కదా! రంగు మీద రంగు ఎంతైనా ముంచుకో, తెల్ల నూలు కట్టను ముట్టేముందు మాత్రం చెయ్యి కడిగి తీరాలి. చిన్నప్పుడు ఒకసారి కడగకుండా ముట్టుకుని వీపు మోగించుకుంది కూడా. మరి తన స్క్రిప్టులో తెల్లగా రావాల్సిన వరసకు ముందు చెయ్యి ఎక్కడ కడిగింది? కడగలేదు. తెలుపుకు రంగు వేయలేదు నిజమే, కానీ పై వరస ఎరుపు దాని మీదికి కారదూ? అప్పుడు మంచీ ఎర్రగానే ఉంటుంది, చెడూ ఎర్రగానే ఉంటుంది.

తడి చేతులతో గదిలోకి పరిగెత్తింది. ఇంతమందిలో ఆ తెరను అక్షరాలుగా చదివినవాళ్లు ఒక్కరూ లేరు, తనతో సహా. అందరూ రంగు చూసి మురిశారు. ఇప్పుడు చదివింది. ఒకటో కుప్ప బాగుంది, ఎరుపు. రెండో కుప్ప బాగుంది, ఎరుపు. మూడో కుప్ప వేడి. అదీ ఎరుపే. నిండు ముత్తయిదువలా నిగనిగలాడుతోంది.

బయట బాలకృష్ణయ్య ఎవరికో ఫోనులో చెబుతున్నాడు, "మా పాప ఏం పని చేసిందంటావ్..." అని. కుర్చీ తనదని అన్న మాటకు ఇంకా తడి ఆరలేదు. చెప్పిందంటే ఆ మాట పోతుంది. ఇర్ఫానాకు రాట్నం చప్పుడు మళ్లీ వినపడింది. ఒక్క గుటక మింగేంత సేపు, అంతే.

"మూడో కుప్ప కాలుతాందీ!" అని అరుచుకుంటూ యార్డులోకి దూకింది.

"ఎర్రగుండాది గదా పాపా!" అన్నాడు లక్ష్మన్న లడ్డు నోటితో.

"ఎరుపు అబద్ధం మామా! పట్టు, లాగు!"

ఇక చూడాలి ఆ సంబరం! చేతులు, గంపలు, పారలు, ఏది దొరికితే దాంతో కుప్పను విడదీశారు. లోపలి పత్తి వేడివేడి ఇడ్లీ పాత్రలా ఆవిరి కక్కింది. బాలకృష్ణయ్య జరీ పంచె ఎగ్గట్టి, మోకాళ్ల దాకా దిగి, కుక్క గొయ్యి తవ్వినట్టు రెండు చేతులతో వెనక్కి విసురుతున్నాడు. ఆయన విసిరిందంతా వెనక నిలబడ్డ తులసమ్మ మీద పడుతోంది.

"యాడేస్తాండావు సూడు!" అని ఆమె ఒక గుప్పెడు తీసి తిరిగి ఆయన మీదే వేసింది. పత్తి ఎత్తే ఆడవాళ్లు ఆపుకోలేక పకపకా నవ్వారు. ఇంకేముంది, అందరి తలలూ తెల్లబడ్డాయి, గాలికి దూది యార్డంతా ఎగిరింది. మంట రాలేదు. ఒక్క పోగు కూడా నల్లబడలేదు.

బాలకృష్ణయ్య తొంభై ఏళ్ల ముసలివాడిలా నెత్తి నిండా దూదితో ఒక పత్తి బేలు మీద కూలబడ్డాడు.

"ఏం జరిగింది పాపా? నిజం చెప్పు."

"తెల్లగ రావాల్సిన దాని మీదికి ఎరుపు కారింది అయ్యా. తప్పు నాదే. చెయ్యి కడగలేదు."

అందరూ ఆమె చేతుల వైపు చూశారు. లక్ష్మన్న పరిగెత్తుకెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె చేతుల మీద పోయసాగాడు. "ఈ చేతులు కాదు మామా!" అంటూనే పోయించుకుంది, వేడి పత్తి పట్టి అరచేతులు మండుతున్నాయి మరి.

"కుర్చీ మాట నేను ఎరుపు చూసి అన్నా," అన్నాడు బాలకృష్ణయ్య. "ఆ ఎరుపే అబద్ధమైతే ఆ మాట చెల్లదు."

"చెల్లదని తెలిసే చెప్పినా అయ్యా. లక్ష్మన్న మామను ఇంగొక్కసారి చూడమనండి. కుప్ప అడుగు ఇంకా వేడిగానే ఉండాది, చువ్వ ఆడ గుచ్చండి."

తులసమ్మ కొంగు దులుపుకుంటూ, "బోసిగ పెట్టమని తీర్పు చెప్పింది ఎవురంట? ఆ పాపనొక్కదాన్నే అంటే ఎట్ల? సూడనీ," అంది. ఆయన దూది నెత్తి ఊపాడు.

ఇర్ఫానా కంప్యూటరు ముందు నిలబడే టైపు చేసింది, కూర్చోవడానికి ఆ కుర్చీ ఇప్పుడు ఎవరిదో తెలియదు. ప్రతి వరస చివరా మంత్రం, నడుమ సున్నా. కడుగు. కడుగు. కడుగు. మీట నొక్కింది. లక్ష్మన్న కిటికీ దగ్గరికి వచ్చి, ఈసారి వేలు చాచి పైనుంచి లెక్కపెట్టాడు.

"ఒగటి, కుంకుమ. రెండు, కుంకుమ. మూడు..." వేలు గాల్లో ఆగిపోయింది. "మూడోదానికి బొట్టు లేదు సావుకారీ!" అని, ఎవరూ చెప్పకుండానే బకెట్టు అందుకుని మూడో కుప్ప వైపు పరుగు తీశాడు.

బాలకృష్ణయ్య ఆ పరుగు చూశాడు. తర్వాత ఇర్ఫానా వైపు తిరిగి, "నిలబడినావేం? నీ కుర్చీలో నువ్వు కూచోడానికి నన్ను అడగల్నా?" అన్నాడు.

ఆ రాత్రి ఎమ్మిగనూరులో మరియంబీ సంగతంతా విని, నీలం చేత్తో కూతురి నెత్తిన ఒక్కటి మొట్టింది. "తెల్ల నూలు ముట్టేముందు చెయ్యి కడగమని మొత్తుకోలేదా బేటీ?" అని. ఆ నీలం మచ్చతోనే ఇర్ఫానా మర్నాడు మిల్లుకు పోయింది. మేనత్త రాట్నం మీద ఇప్పుడు వాళ్ల పిల్లి పడుకుంటోందట.

మీరెవరైనా ఆదోని వైపు పోతే ఒక పని చేసి పెట్టండి. పత్తి రోజుల్లో మధ్యాహ్నం పూట ఆ మిల్లు కిటికీ దగ్గర ఆగి ఒకసారి తొంగి చూడండి. అయిదో కుప్ప నాటి నుంచి ఆ పిల్లకు తెర వదిలి అన్నం తినడానికి మనసొప్పదు. మరియంబీ కట్టిచ్చిన క్యారియరు కట్టినట్టే తిరిగి ఎమ్మిగనూరు బస్సెక్కుతోంది. తెరంతా కుంకుమగా ఉంటే, "ఏమ్మా ఇర్ఫానా, తిన్నావా?" అని అడగండి. తిన్నానంటే నమ్మకండి, క్యారియరు ఎత్తి చూడండి. బరువుగా ఉంటే ఆమెను అన్నానికి పంపించి, తినొచ్చేదాకా మీరు తెర కేసి చూస్తూ కూర్చోండి. బొట్టు లేని వరస కనపడితే లక్ష్మన్నను ఒక్క కేక వేస్తే చాలు.